హామ్లెట్ ఏ ప్రతి, గంజాం కాగితం ఏ ఊళ్లో: ఇంగ్లిష్ సాహిత్య విద్యార్థికి మూలాధారాల ఎంపిక

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంగ్లిష్ ఎంఏ చదివే తెలుగు విద్యార్థికి ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు దగ్గరపడగానే గైడ్ నోట ఒక మాట వస్తుంది: "విమర్శకుల పుస్తకాలు చాలు, ప్రైమరీ సోర్స్ ఏదైనా పట్టుకో." ఏది పట్టుకోవాలో, ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు తక్కువ. కంప్యూటర్ తెరిస్తే లక్షల స్కాన్లు. రైలెక్కితే ఒకవైపు కలకత్తా, ఇంకోవైపు చెన్నై, మధ్యలో భువనేశ్వర్, విశాఖ. గుణుపురం, రాయగడ, జయపురం వైపు వాళ్లకైతే స్టేషన్ చేరడమే సగం రోజు పని. తప్పు దారి ఎంచుకుంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు, సెమిస్టరు కూడా.

ఇక్కడ ప్రైమరీ సోర్స్ అంటే రచయిత చేతిరాత ప్రతి, తొలి ముద్రణ, నవల వారంవారం వచ్చిన పత్రిక, ఉత్తరాలు, డైరీలు, ఆ కాలపు సమీక్షలు, పరీక్షల సిలబస్, ప్రభుత్వ ఉత్తర్వులు. బజారులో కొన్న పేపర్‌బ్యాక్‌లో ఉన్నది మూల రచనే అనుకుంటాం. నిజానికి అది ఒక ఎడిటర్ నాలుగు ప్రతులు చూసి కుదిర్చిన టెక్స్ట్.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ప్రశ్న. సాహిత్య విద్యార్థికి ఆర్కైవ్‌తో పని పడే ప్రశ్నలు మూడు రకాలు. ఒకటి, రచన ఎలా మారింది: ఏ పంక్తి కొట్టేశారు, ఏ ముగింపు మార్చారు. రెండు, రచన ఎలా చేతులు మారింది: ఎవరు అచ్చు వేశారు, ఎంతకు అమ్మారు, ఎవరు అనువదించారు. మూడు, రచనను బడికి ఎవరు తెచ్చారు: ఏ పరీక్షకు ఏ పద్యం పెట్టారు, దాని మీద ఏం అడిగారు. మొదటి రకానికి ఊరు కదలక్కర్లేదు. మూడో రకానికి చాలాసార్లు కదలక తప్పదు. రెండోదానికి సగం పని ఇంట్లో, సగం బయట.

రెండో సంగతి, మీకు కనబడేది పేజీ బొమ్మా, ఎవరో టైపు చేసిన టెక్స్టా. విరామ చిహ్నాల మీద వాదన కట్టే విద్యార్థి టైపు చేసిన టెక్స్ట్‌ను నమ్ముకుంటే వాదన మొత్తం ఆ టైపిస్టు మీద నిలబడుతుంది.

మూడోది చేతిరాత. పంతొమ్మిదో శతాబ్దపు గుమాస్తా రాత రెండు మూడు రోజుల్లో కంటికి అలవాటవుతుంది. షేక్‌స్పియర్ కాలపు సెక్రటరీ హ్యాండ్ అనే చేతిరాత అలా కాదు. అందులో 'ఇ' అక్షరం తిరగేసినట్టు ఉంటుంది, 'సి' చూస్తే 'ఆర్' లా అనిపిస్తుంది, మొదట్లో ఒక పేజీకి ఒక పూట పట్టినా ఆశ్చర్యం లేదు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పాఠాలు 1500 నుంచి 1800 దాకా రాతలు నేర్పుతాయి. మూడు నెలల ప్రాజెక్టులో అది నేర్చుకుని పని కూడా పూర్తి చేద్దామనుకోవడం సాహసం. అచ్చు పుస్తకాల దగ్గరే ఉండండి.

ఇక అనుమతి, కాలం, ఖర్చు. కాలం, ఖర్చు పట్టికలో ఉన్నాయి, అనుమతి సంగతి ఆయా దారుల దగ్గర వస్తుంది.

| దారి | ఖర్చు | పట్టే కాలం | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| ఉచిత డిజిటల్ ఆర్కైవ్ | నెట్ ఖర్చు | 2 నుంచి 6 వారాలు | రచన మార్పులు, పత్రికల సీరియళ్లు | తప్పు వివరాలు, లేని పేజీలు, మూతపడే సైట్లు |
| ఫాక్సిమిలీ (అసలు పేజీల నకలు), క్రిటికల్ ఎడిషన్ (ప్రతులు పోల్చి ఎడిటర్ కుదిర్చిన పుస్తకం) | పుస్తకం ధర లేదా లైబ్రరీ కార్డు | 1 నుంచి 3 వారాలు | ఎంఏ ప్రాజెక్టు, తరగతి బోధన | ఎడిటర్ చూపించిందే చూస్తాం |
| కలకత్తా నేషనల్ లైబ్రరీ | రైలు, బస | కనీసం 5 పనిదినాలు | వలసకాలపు ఇంగ్లిష్ పుస్తకాలు, పత్రికలు | క్లోజ్డ్ స్టాక్ (అరల దగ్గరికి పాఠకులను పోనివ్వరు), పుస్తకం కోసం ఎదురుచూపు |
| చెన్నై తమిళనాడు ఆర్కైవ్స్ | రైలు, బస, కాపీలు | 8 నుంచి 10 పనిదినాలు | గంజాం, విశాఖ జిల్లాల చదువుల చరిత్ర | ఇండెక్స్ చూడకుండా వెళ్తే ఖాళీ చేతులు |
| ఊళ్లో కాలేజీ, ఇళ్ల అల్మారాలు | దాదాపు ఏమీ లేదు | చెప్పలేం | పాత సిలబస్, మ్యాగజైన్లు, బహుమతి పుస్తకాలు | చెద, కేటలాగ్ లేకపోవడం |

ఉచిత డిజిటల్ ఆర్కైవ్‌లు

రచన ఎలా మారిందన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి దారి లేదు. లండన్‌లో ఉన్న విద్యార్థి చూసే పేజీలనే గుణుపురంలో ఉన్న విద్యార్థి కూడా చూడగలుగుతున్న కాలం ఇది.

హామ్లెట్ తీసుకోండి. 1603లో వచ్చిన మొదటి క్వార్టో (చిన్న సైజు అచ్చు పుస్తకం), 1604–05లో వచ్చిన రెండో క్వార్టో, 1623 ఫస్ట్ ఫోలియో (షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సైజు సంపుటం), ఈ మూడూ మూడు వేర్వేరు నాటకాల్లా ఉంటాయి. మొదటి క్వార్టో ప్రతులు ప్రపంచంలో మిగిలినవి రెండే. అందులో ఆ పేరుమోసిన పంక్తి ఇలా ఉంటుంది: "టు బీ, ఆర్ నాట్ టు బీ, ఐ దేర్స్ ద పాయింట్." ఆ 'ఐ' అంటే 'నేను' అనుకుంటే వాక్యం కుదరదు. ఆ కాలంలో 'అవును' అనే అర్థమిచ్చే 'అయ్' మాటను ఒంటరి పెద్ద 'ఐ' అక్షరంతోనే అచ్చువేసేవారు. "ఉండడమా, లేకపోవడమా, అవును, అదీ సంగతి" అన్నమాట. పేజీ బొమ్మ చూసి, ఆ అచ్చు అలవాటు తెలుసుకున్న విద్యార్థికి నాలుగు పేజీల చర్చ ఇక్కడే దొరికింది. పాత ఇంగ్లిష్ అచ్చు పుస్తకాల కేటలాగ్ అయిన ఎస్‌టీసీలో మొదటి క్వార్టో సంఖ్య 22275, రెండోది 22276, ఫోలియో 22273. థీసిస్‌లో ఈ సంఖ్యలు రాస్తే మీరు ఏ ప్రతి చూశారో పరీక్షకుడికి అనుమానం ఉండదు. ఇంటర్నెట్ షేక్‌స్పియర్ ఎడిషన్స్‌లో మూడు పాఠాలూ ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీ తన ఫస్ట్ ఫోలియో ప్రతిని పేజీపేజీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది.

పద్దెనిమిదో శతాబ్దం ముందు పుస్తకాలు మాటలవారీగా వెతకాలంటే ఈబో–టీసీపీ అనే ఆన్‌లైన్ భండారం ఉంది. ఇందులో మొదటి విడతగా 25,000కు పైగా పుస్తకాల టెక్స్ట్ 2015 జనవరి నుంచి అందరికీ ఉచితం, రెండో విడత 2020లో కలిసింది. ఇది మనుషులు టైపు చేసిన టెక్స్ట్, బొమ్మలు వేరే చందా డేటాబేస్‌లో ఉంటాయి. వెతికేటప్పుడు పాత స్పెల్లింగ్ గుర్తుంచుకోవాలి. 'లవ్' అన్న మాట ఆ పుస్తకాల్లో మధ్యలో 'వి' కి బదులు 'యు' తో ఉంటుంది, 'అపాన్' మాట 'వి' తో మొదలవుతుంది, 'జస్టిస్' 'ఐ' తో మొదలవుతుంది. ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్, గూగుల్ బుక్స్‌లో యంత్రం చదివిన టెక్స్ట్ ఉంటుంది. పొడవాటి పాత 'ఎస్' ను యంత్రం 'ఎఫ్' అనుకుంటుంది కనక 'సేమ్' అని వెతికితే రాదు, 'ఫేమ్' అని వెతికితే వస్తుంది. ఒక మాట "దొరకలేదు" అని రాసే ముందు ఈ రెండు రూపాలూ వెతికారా అని చూసుకోండి.

నవలల వైపు రావాలంటే డికెన్స్ జర్నల్స్ ఆన్‌లైన్ చాలా ఉపకారి. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా 'ఆల్ ద ఇయర్ రౌండ్' వారపత్రికలో వచ్చింది. ఆ పత్రిక సంచికలన్నీ ఇక్కడ ఉచితం. ఏ వారం అధ్యాయం ఎక్కడ ఆగింది, దాని పక్క పేజీలో ఏ వ్యాసం ఉంది అన్నవి పేపర్‌బ్యాక్‌లో కనబడవు. ముగింపు సంగతి చాలామందికి తెలుసు: పిప్, ఎస్టెల్లా మళ్లీ విడిపోయే మొదటి ముగింపును తోటి నవలాకారుడు బుల్వర్ లిటన్ సలహా మీద డికెన్స్ మార్చాడు. మార్చిన ముగింపు చివరి పంక్తి కూడా 1861లో ఒక రకంగా, తరువాతి ముద్రణల్లో ఇంకో రకంగా ఉందన్నది తక్కువమంది చూస్తారు. పత్రికలో "ద షాడో ఆఫ్ నో పార్టింగ్" అని ఉంది, తరువాత "నో షాడో ఆఫ్ అనదర్ పార్టింగ్" అయింది. రెండింటినీ నెమ్మదిగా తెలుగులో చెప్పుకుని చూడండి. మొదటిదానిలో విడిపోవడమే లేదన్నట్టుంది, రెండోదానిలో ఇంకొక ఎడబాటు నీడ తనకు కనబడలేదంటున్నాడు, అంతే. ఇంత చిన్న తేడా మీద మంచి ఎంఏ ప్రాజెక్టు నిలుస్తుంది.

చేతిరాత ప్రతులు చూడాలని ఆశ ఉన్నవాళ్లకు మూడు చోట్లు చాలు. షెల్లీ–గాడ్విన్ ఆర్కైవ్‌లో 'ఫ్రాంకెన్‌స్టైన్' నోటుపుస్తకాలున్నాయి. మేరీ షెల్లీ రాతా, ఆమె భర్త పెర్సీ దిద్దుబాట్లూ వేర్వేరుగా గుర్తించి చూపిస్తారు. 1818 ముద్రణను, 1831లో ఆమె మార్చిన ముద్రణను పక్కన పెట్టుకోవచ్చు. జేన్ ఆస్టిన్ చేతిరాత ప్రతుల సైట్‌లో 'పర్సుయేషన్' నుంచి ఆమె కొట్టేసిన రెండు అధ్యాయాలు చూడవచ్చు. అచ్చు కోసం ఆమె పూర్తిచేసిన నవలల్లో చేతిరాత మిగిలింది వాటికే. మూడోది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 2013లో పెట్టిన బిచిత్ర. టాగోర్ బెంగాలీ, ఇంగ్లిష్ ప్రతులు, ముద్రణలు పక్కపక్కన పెట్టి తేడాలు చూపిస్తుంది. ఒడియా చదువుకుంటూ పెరిగిన మన పిల్లలకు బెంగాలీ పద్యం చెవికి అంత దూరంగా ఉండదు. ఇంగ్లిష్ గీతాంజలిని బెంగాలీతో పోల్చే పనికి సరిహద్దు విద్యార్థి సగం సిద్ధమైనట్టే.

ఇక పొరపాట్లు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మన దేశపు లైబ్రరీల నుంచి వచ్చిన స్కాన్లకు పేరు, సంవత్సరం తరచూ తప్పుగా ఉంటాయి. పేజీ తెరిచి టైటిల్ పేజీ, దాని వెనక పేజీ చూసి ముద్రణ సంవత్సరం మీరే రాసుకోండి. పేజీ సంఖ్యలు వరుసగా ఉన్నాయా అని ప్రతి యాభై పేజీలకు ఒకసారి సరిచూడండి. మూడు సంపుటాల నవలలో రెండోది లేకుండా ఒకటీ మూడూ ఒకే ఫైల్‌లో ఉండడం కొత్త కాదు. హాతీట్రస్ట్ అనే డిజిటల్ లైబ్రరీలో అమెరికా నుంచి తెరుచుకునే పుస్తకం ఇక్కడి నుంచి మూసి ఉండొచ్చు. అది మీ కంప్యూటర్ తప్పు కాదు, కాపీరైట్ లెక్క దేశానికి ఒకలా ఉండడమే కారణం.

దించుకోవడం వాయిదా వేయొద్దు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక డిజిటల్ చేతిరాత ప్రతులు నెలల తరబడి కనిపించకుండా పోయాయి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా కొన్నాళ్లు పడిపోయింది. వాడిన ప్రతి పేజీ బొమ్మ, దాని చిరునామా, చూసిన తేదీ ఒక ఫోల్డర్‌లో ఉండాలి. నెట్ సరిగా రాని కొండ బ్లాకుల్లో ఉన్నవాళ్లు వెతకడానికి టెక్స్ట్ ఫైల్, చదవడానికి పీడీఎఫ్ దించుకుంటే చాలు. పేజీ బొమ్మల పెద్ద జిప్ ఫైల్ పట్నం వచ్చినప్పుడు, అవసరమైన పుస్తకానికే.

మీ కాలేజీ ప్రభుత్వానిదైతే 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద వేల జర్నళ్లు అందుతాయి. అవి విమర్శ వ్యాసాలకు. పాత పత్రికలు, పాత పుస్తకాల చందా డేటాబేస్‌లు వేరే సంగతి, వాటికి మీ లైబ్రేరియన్‌నే అడగాలి.

ఫాక్సిమిలీలు, క్రిటికల్ ఎడిషన్లు

ఈ దారిని చిన్నచూపు చూడడం తప్పు. ఆర్డెన్ మూడో సిరీస్ హామ్లెట్ 2006లో రెండు పుస్తకాలుగా వచ్చింది: ఒకదానిలో రెండో క్వార్టో, మరోదానిలో మొదటి క్వార్టో, ఫోలియో. నెట్ లేని రాత్రి ఇవి రెండూ బల్ల మీద ఉంటే ఏ సైట్ అక్కర్లేదు. టి.ఎస్. ఎలియట్ కావ్యం 'ద వేస్ట్ లాండ్' చేతిరాత, టైపు ప్రతుల ఫాక్సిమిలీని ఆయన భార్య వాలెరీ ఎలియట్ 1971లో ప్రచురించింది. మిత్రకవి ఎజ్రా పౌండ్ పెన్సిల్‌తో కొట్టేసిన పేజీలు అందులో అలాగే కనబడతాయి. అసలు కాగితాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి, మనం అక్కడికి వెళ్లే పని లేదు.

కాపీరైట్ గురించి ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1965లో మరణించిన ఎలియట్ బతికుండగా వచ్చిన రచనలు 2026 జనవరి 1 నుంచి మన దేశంలో అందరివీ. మరణానంతరం అచ్చయిన కాగితాలకు లెక్క వేరు, అచ్చయిన సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కేస్తారు. పీహెచ్‌డీ థీసిస్ శోధ్‌గంగ అనే థీసిస్‌ల ఆన్‌లైన్ భండారంలో అందరికీ కనబడుతుంది కనక అందులో పేజీ బొమ్మ పెట్టే ముందు ఆ ఆర్కైవ్ నియమం చదివి, అవసరమైతే ఒక మెయిల్ రాసి అనుమతి తెచ్చుకోండి. మాటల్లో ఉదహరించడానికి ఆ చిక్కు లేదు.

కలకత్తా

బరంపురం నుంచి హౌరా సుమారు 600 కిలోమీటర్లు, రాత్రి ఎక్కితే పొద్దుటికి చేరొచ్చు. అలీపూర్ బెల్వెడేర్ ఆవరణలో నేషనల్ లైబ్రరీ ఉంది. వలసకాలపు ఇంగ్లిష్ పుస్తకాలు, కలకత్తా నుంచి వెలువడిన ఇంగ్లిష్ పత్రికలు చూడాలనుకునే వాళ్లకు ఇదే చోటు. భారతీయ ఇంగ్లిష్ కవిత్వం తొలిరోజుల మీద పని చేసేవాళ్లు ఇక్కడికి రాకుండా ముగించలేరు. స్లిప్పు రాసిస్తే పుస్తకం లోపలి నుంచి వస్తుంది, అరలు మీరు తిరిగి చూడలేరు. అందుకే ఆన్‌లైన్ కేటలాగ్‌లో కాల్ నంబర్లు (పుస్తకం ఎక్కడుందో చెప్పే సంఖ్యలు) ముందే రాసుకుని, రోజుకు ఎన్ని అడగాలో వరుస వేసుకుని వెళ్లాలి. ఎంఏ స్థాయిలో ఈ ప్రయాణం అనవసరం. పీహెచ్‌డీలో కూడా రెండో ఏడాది దాకా ఆగితే మంచిది.

చెన్నై ఎగ్మూర్

సరిహద్దు విద్యార్థికి నిజంగా సొంతమైన పని ఇక్కడ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. జయపురం, రాయగడ, గుణుపురం అప్పటి విశాఖపట్నం జిల్లాలోవి. అంటే మన ఊళ్ల బడుల్లో, కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం ఎలా వచ్చిందన్న కాగితం మద్రాసు ప్రభుత్వం కాగితం. దాని ప్రధాన నిలయం ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, పాత పేరు మద్రాస్ రికార్డ్ ఆఫీస్.

ఏం దొరుకుతుందో చెప్పడానికి పర్లాకిమిడి ఒక్కటి చాలు. గిడుగు రామమూర్తి అక్కడ పాఠం చెప్పారు, సవర భాష మీద ఇంగ్లిష్‌లో పుస్తకాలు రాశారు, 1913లో వ్యావహారిక భాష కోసం ఇంగ్లిష్‌లోనే మెమొరాండం అచ్చువేశారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లిష్‌దే. తెలుగు ఏ రూపంలో రాయాలన్న తగవు ఇంగ్లిష్ గద్యంలో నడిచింది. ఆ వాదనల ఇంగ్లిష్‌ను సాహిత్య విద్యార్థి కన్నుతో ఇంకా చదవాల్సి ఉంది. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ చదవగలిగినవాళ్లు చెయ్యాల్సిన పని అది.

ఇంకొక నిధి త్రైమాసిక పుస్తకాల జాబితాలు. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం కింద ప్రెసిడెన్సీలో అచ్చయి నమోదైన ప్రతి పుస్తకం పేరు, భాష, ముద్రణ స్థలం, పేజీలు, ఎన్ని ప్రతులు వేశారు, ధర ఎంత అన్నవి ప్రభుత్వం మూడు నెలలకోసారి అచ్చువేసేది. గోల్డ్‌స్మిత్ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఒరవడిలో కందుకూరి రాసిన 'రాజశేఖర చరిత్ర' 1880లో పుస్తకమైంది, 1887లో 'ఫార్చూన్స్ వీల్' పేరుతో ఇంగ్లిష్‌లోకి తిరిగి వెళ్లింది. ఇలా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాలు ఎన్ని, ఏ ధరకు, ఎన్ని ప్రతులు అన్న లెక్కకు ఈ జాబితాలే ఆధారం.

పని వరుస ఇలా ఉండాలి:

1. వెళ్లడానికి కనీసం నెల ముందు దరఖాస్తు పంపండి. గైడ్ సంతకం, విభాగం ముద్ర ఉన్న పరిచయ లేఖ, గుర్తింపు కార్డు కాపీ, ఫొటోలు దగ్గర ఉంచుకోండి. లేఖలో అంశం, కాలపరిధి స్పష్టంగా ఉండాలి. "ఇంగ్లిష్ సాహిత్యం" అని ఊరుకోకుండా "గంజాం జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ పాఠ్యాంశాలు, 1880–1914" అని రాయించండి.
2. మొదటి రోజు అనుమతికీ గది అలవాటుకీ పోతుందని లెక్కేసుకోండి.
3. అచ్చు ఇండెక్స్ సంపుటాలు సంవత్సరం వరుసలో చూడండి. విద్యాశాఖ కింద ఊరి పేరు, కాలేజీ పేరు, రాజా పేరు మూడింటితోనూ వెతకండి.
4. జీఓ సంఖ్య ఒక్కటే రాసుకుంటే చాలదు. విభాగం, తేదీ, సంఖ్య పక్కన ఉండే 'ఎంఎస్', 'ఎంఐఎస్' లాంటి గుర్తు కూడా రాయాలి. గుర్తు మారితే అదే సంఖ్యతో వేరే కట్ట వస్తుంది.
5. ఫొటోకు అనుమతి ఉంటే ముందు కట్ట మీది చీటీ తీసి, తరువాత లోపలి పేజీలు. ఫైల్ పేరు ఆ రాత్రే మార్చండి: విభాగం, జీఓ సంఖ్య, సంవత్సరం, పేజీ. వారం ఆగితే ఏ బొమ్మ ఏ కట్టదో మీకే తెలియదు.
6. పెన్సిల్ తీసుకెళ్లండి. పెన్ను, సంచీ బయటే.

ఊళ్ల పేర్లే పెద్ద ఉచ్చు. పాత ఇంగ్లిష్ కాగితాల్లో బరంపురం స్పెల్లింగ్ 'పోర్' అని ముగుస్తుంది. అదే స్పెల్లింగ్‌తో ముర్షిదాబాద్ జిల్లా బహరంపూర్ కూడా ఉంది. పక్కన గంజాం అనో మద్రాసు అనో లేని చోట ఆ కాగితం మనది అనుకోవద్దు. జయపురం కోసం వెతికితే రాజస్థాన్ జైపూర్ వస్తుంది. పర్లాకిమిడిని 'కిమిడి', 'కిమెడి', 'పర్లా కిమెడి' అని మూడు రకాలుగా రాశారు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో కూడా ఈ రూపాలన్నీ విడివిడిగా వెతకాలి. ఉచితంగా నమోదు చేసుకుంటే స్కాన్ అయిన ఫైళ్లు ఇంట్లోనే చూడొచ్చు కనక, చెన్నై టికెట్ కొనే ముందు ఒక వారం ఇందులో గడపడం లాభం.

పేజీ విడిపోతున్న కట్ట వస్తే సిబ్బందిని పిలవండి. తొందరలో మీరు తిప్పిన పేజీ తరువాత వచ్చేవాళ్లకు మిగలకపోవచ్చు.

భువనేశ్వర్, విశాఖ

బరంపురం నుంచి భువనేశ్వర్ 166 కిలోమీటర్లు. మీ ప్రశ్న 1936 తరువాతిదైతే ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌తోనే మొదలుపెట్టాలి. ముందుదైనా అక్కడ అడిగి, కాపీలేమన్నా ఉన్నాయేమో తేల్చుకున్నాకే చెన్నై. రాయగడ, కోరాపుట్ వాళ్లకు విశాఖ దగ్గర. ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో పాత ఎడిషన్లు, జర్నళ్ల పాత సంపుటాలు చూసుకోవచ్చు. అది లైబ్రరీ, ఆర్కైవ్ అనుకుని వెళ్తే నిరాశ పడతారు.

ఊళ్లోని అల్మారాలు

పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీ, బరంపురం ఖల్లికోట కాలేజీ (ఇప్పుడు విశ్వవిద్యాలయం), రెండూ పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టినవి. ఇలాంటి చోట్ల పాత కాలేజీ మ్యాగజైన్లు, లైబ్రరీ యాక్సెషన్ రిజిస్టర్లు అడిగి చూడండి. యాక్సెషన్ రిజిస్టర్ అంటే ఏ తేదీన ఏ పుస్తకం, ఎంత ధరకు కొన్నారో వరుసగా రాసిన పుస్తకం. అది దొరికితే, ఆ కాలేజీ ఇంగ్లిష్ సాహిత్యాన్ని ఏ క్రమంలో చదివిందో చెప్పే పత్రం మీ చేతిలో ఉన్నట్టే. ఇళ్లలో తాతల పెట్టెల్లో బహుమతి పుస్తకాలు ఉంటాయి. మొదటి పేజీలో అతికించిన చీటీ, అంచుల్లో తెలుగులో రాసుకున్న అర్థాలు ఫొటో తీసుకోండి. పుస్తకం అడిగి పట్టుకుపోవద్దు, వాళ్ల ఇంట్లోనే చూసి, యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. చెదపట్టిన పేజీలను ఎండలో పెట్టడం, టేపు అంటించడం రెండూ చేటే. పొడి మెత్తని కుంచెతో దులిపి, నీడలో గాలి తగలనివ్వాలి.

ఎవరికి ఏది

మూడు నెలల ఎంఏ ప్రాజెక్టు చేసేవాళ్లు ఒక రచన, రెండు ముద్రణలు, ఒక తేడా, అంతవరకే పెట్టుకోండి. డిజిటల్ ఆర్కైవ్ ఒకటి, క్రిటికల్ ఎడిషన్ ఒకటి చాలు. పదిహేను సైట్ల పేర్లు రాసిన ప్రాజెక్టుకన్నా రెండు పేజీల బొమ్మలు పక్కపక్కన పెట్టి చదివిన ప్రాజెక్టుకు మార్కులు ఎక్కువ పడాలి, చాలాసార్లు పడతాయి కూడా.

పీహెచ్‌డీ కొత్తగా చేరినవాళ్లు సినాప్సిస్‌లో ఆర్కైవ్ పేరు రాసే ముందు ఇండెక్స్ నుంచో ఆన్‌లైన్ కేటలాగ్ నుంచో కనీసం ఐదు పత్రాల సంఖ్యలు చూపించగలగాలి. లేకపోతే అంశం మార్చుకునే వీలు ఇప్పుడే ఉంది, మూడో ఏడాదిలో ఉండదు. ఒకే ప్రయాణంలో కలకత్తా, చెన్నై రెండూ ముడిపెట్టొద్దు. ఒక చోట తీసిన ఫొటోలు చదివాకే రెండోచోట ఏం అడగాలో తెలుస్తుంది.

కాలేజీలో పాఠం చెబుతూ పార్ట్‌టైమ్ పరిశోధన చేసేవాళ్లకు, చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఇంట్లో ఉండి ఊరు దాటలేనివాళ్లకు ఊరి అల్మారా, అభిలేఖ్ పటల్, మద్రాసు విశ్వవిద్యాలయం పాత క్యాలెండర్లు కలిపితే మంచి జోడీ. ఏ పరీక్షకు ఏ పద్యం, ఏ గద్యం పెట్టారో ఆ క్యాలెండర్లలో ఉంటుంది. కొన్ని సంవత్సరాలవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. క్యాలెండర్‌లోని సిలబస్‌ను మీ కాలేజీ యాక్సెషన్ రిజిస్టర్‌లో అదే ఏడాది కొన్న పుస్తకాలతో సరిచూడండి. సిలబస్‌లో ఉండి రిజిస్టర్‌లో లేని పుస్తకం దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. విద్యార్థులు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుని చదివారో వెతకడం అక్కడి నుంచి మొదలవుతుంది.